సముద్రం వైపు గోడ

ఈస్టర్ సెలవులు ముగిసి బడి తెరిచిన రోజున నా భార్య ఈథ్నా పోయింది.

అమావాస్య వెళ్ళిన మర్నాడది. పెద్ద పాటు. సముద్రం బాగా వెనక్కి తీసి, మామూలు రోజుల్లో కనబడని రాళ్ళు బయటపడతాయి. మా ఊరి ఆడవాళ్ళు ఇలాంటి పాటు కోసం కాచుకుని ఉండి, ఆ రాళ్ళ మీది ఎర్ర నాచు కోసుకొస్తారు. గడ్డి మీద పరిచి వానకూ ఎండకూ వదిలేస్తే అది తెల్లబడుతుంది. పాలలో ఉడికించి ఇస్తే పిల్లల దగ్గుకు మంచిది. నేను బడికి బయలుదేరేటప్పుడు ఆమె గుమ్మంలో కూర్చుని బుట్టకు తాడు బిగిస్తోంది. వచ్చేటప్పుడు దీపానికి నూనె తెమ్మంది. తెస్తానన్నాను.

మధ్యాహ్నం పెద్ద పిల్లలకు లెక్కలు చెబుతుండగా ఆమె అన్న మానస్ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. మానస్ పడవ మీద బతికే మనిషి. చిన్నప్పుడు బడి మానేశాక మళ్ళీ ఆ గడప తొక్కలేదు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. పిల్లలు అతన్ని చూశారు, తర్వాత నన్ను చూశారు. చేతిలో టోపీకి అర్థమేమిటో ఈ తీరంలో పిల్లలకు పుట్టుకతో తెలుస్తుంది. నేను ఏమీ చెప్పకముందే వాళ్ళు పుస్తకాలు మూసేశారు.

ఒడ్డున పాడుబడ్డ డూన్‌వారా కోట కింద రాళ్ళ మీద బుట్ట దొరికింది. సగం నిండి ఉంది. కొంచెం పైన, పోటు నీళ్ళు అందని చోట, ఆమె బూట్లు పక్కపక్కనే ఉన్నాయి. మేజోళ్ళు మడిచి వాటిలో పెట్టి ఉన్నాయి. వెనక నుంచి పెద్ద అల వచ్చి ఉంటుందని అందరూ అన్నారు. అలాగే జరిగి ఉంటుంది.

ఊళ్ళో ఉన్న పడవలన్నీ తిరిగాయి. శరీరం దొరకలేదు.

ఇక్కడ పోయిన మనిషి పక్కన రాత్రంతా జాగారం చేస్తారు; శరీరం లేని ఇంట్లో అది ఉండదు. గడియారం ఆపరు, అద్దానికి గుడ్డ కప్పరు, వచ్చినవాళ్ళకు పొగాకు పంచరు. ఇరుగుపొరుగు వచ్చి, ఏం చేయాలో తోచక, టీ తాగి వెళ్ళిపోతారు. పోయిన మనిషి పోయినట్టూ కాదు, ఉన్నట్టూ కాదు. నేను లోపలి జిల్లా నుంచి వచ్చినవాణ్ణి. మా వైపు చావంటే మంచం మీద చావే. ఇలాంటిదొకటి ఉంటుందని నాకు తెలియదు. నాకు కావలసింది ఒక్కటే. ఆమెను ఇంటికి తెచ్చి, ఒక రాత్రి దీపం పెట్టి కూర్చుని, తెల్లవారాక చర్చి పక్కన మట్టిలో పెట్టడం. ఆమె పక్కన నాకు కూడా చోటు ఉంటుంది.

పడవలు తిరగడం మానేసిన రోజున నాబ్లా వచ్చింది. ఈ ఊళ్ళో పురుళ్ళు పోసేదీ, పోయినవాళ్ళకు స్నానం చేయించేదీ ఆ ముసలావిడే. నన్ను పరామర్శించలేదు. నేరుగా పడకగదిలోకి వెళ్ళి మంచం మీది గడ్డిపరుపు చూసింది.

"గడ్డి కావాలి మాస్టారూ. ఎక్కడిది పడితే అక్కడిది కాదు. ఆవిడ పడుకున్న గడ్డి. మీరు కుట్టు విప్పుతారా, నన్ను విప్పమంటారా?"

నేనే విప్పాను. గోడ వైపు ఆమె పడుకునేది. అక్కడి గడ్డి నలిగి మెత్తగా ఉంది. నాబ్లా దాన్ని పనలా కట్టి, మధ్యలో చర్చిలో దీవించిన కొవ్వొత్తి నిలబెట్టింది. మునిగిన మనిషి ఉన్న చోటికి ఆ పన తనంతట తాను వెళ్ళి ఆగుతుందని ఇక్కడివాళ్ళ నమ్మకం. నాకు ఆ నమ్మకం లేదు. కానీ వద్దనలేదు.

పొద్దు వాలుతుండగా మానస్ పడవలో వెళ్ళాం. బూట్లు దొరికిన చోటికి ఎదురుగా నాబ్లా చెప్పినట్టే నేను పనను నీళ్ళ మీద పెట్టాను. అది తిరుగుతున్నంతసేపూ పడవలో ఎవరూ మాట్లాడకూడదు. ముందు ఒడ్డుకు సమాంతరంగా కొంత దూరం వెళ్ళింది. తర్వాత ఆగింది. గాలి ఒడ్డు నుంచి సముద్రంలోకి వీస్తోంది. పన గాలికి ఎదురు తిరిగి, తొందరేమీ లేనట్టు, కోట వైపు వెళ్ళింది.

డూన్‌వారా కోటకు సముద్రం వైపు ఒక గుమ్మం ఉంది. ఒకప్పుడు పడవల నుంచి సరుకు దించుకునే గుమ్మం. కమాను అలాగే ఉంది గాని, తలుపు ఉండాల్సిన చోట బండరాళ్ళతో గోడ కట్టేశారు. గోడ అడుగున సముద్రం తొలిచిన గుల్ల ఉంది. పన కమాను కిందికి వెళ్ళి ఆ గుల్ల ముందు ఆగింది. అలలు లేస్తున్నా అది కదలలేదు. కొవ్వొత్తి నిటారుగా వెలిగింది.

మానస్ పడవను గోడకు దగ్గరగా తీసుకెళ్ళి, కొక్కెం కర్రను గుల్లలోకి పోనిచ్చాడు. చాలాసేపు నెమ్మదిగా వెతికాడు. కర్ర వెనక్కి తీస్తే దాని కొసకు నల్ల ఉన్ని పోగులు చుట్టుకుని వచ్చాయి. ఈథ్నా శాలువా నల్లది.

లోపలి రాళ్ళు జారి ఆమెను పట్టేశాయని మానస్ చెప్పాడు. సముద్రం వైపు నుంచి తీయడానికి కుదరదు. ఏ పాటుకీ ఆ గుల్ల పూర్తిగా ఖాళీ కాదు, మనిషి దూరేంత సందూ లేదు. కోట లోపలి వైపు నుంచి గోడ విప్పాలి. అతను అంతవరకే చెప్పాడు. అయితే విప్పుదాం అన్నాను. మానస్ తెడ్డు వేస్తూ సరేనన్నాడు.

డూన్‌వారా గురించి బడిలో నేను చెప్పే చరిత్ర చిన్నది. ఫ్రెంచి ఓడలు వస్తాయన్న భయంతో ఇంగ్లీషువాళ్ళు ఈ కొండకొమ్ము మీద కోట కట్టారు. ఫిరంగులు సముద్రం వైపు పెట్టారు. ఏ ఓడా రాలేదు. ఒక్క ఫిరంగీ పేలలేదు. కొన్నేళ్ళకే సిపాయిల దళం కోట వదిలేసి వెళ్ళిపోయింది. కారణం తేమ, దానివల్ల వచ్చిన కీళ్ళవాతం. పిల్లలు దీన్ని రాసుకుని, పరీక్షలో తిరిగి రాస్తారు.

ఈ పాఠం సంగతి ఒకసారి నాబ్లా చెవిన పడింది. దారిలో నన్ను ఆపి, "తేమకు పారిపోయారా మాస్టారూ సిపాయిలు?" అని అడిగింది. "అలాగైతే నా మోకాళ్ళు నన్నొదిలేసి ఈపాటికి డబ్లిన్ చేరి ఉండాలి."

ఆమె చెప్పే చరిత్ర వేరు. కోట రాకముందు ఆ కొండకొమ్ము మీద పాతకాలపు మట్టికట్ట ఒకటి గుండ్రంగా ఉండేది. జ్ఞానస్నానం కాకుండా పోయిన పసిబిడ్డలను ఆ కట్ట లోపల పాతిపెట్టేవాళ్ళు. వాళ్ళకు చర్చి మట్టిలో చోటు లేదు. ఒక్కొక్కరి మీదా ఒక తెల్ల పలుగురాయి. పేరు ఉండదు, శిలువ ఉండదు. ఇంగ్లీషువాళ్ళు పునాది తవ్వినప్పుడు చిన్న చిన్న పెట్టెలు బయటపడ్డాయి. అవేమిటని దళపతి అడగలేదు. రాళ్ళతో పాటు వాటిని కూడా బయటికి, సముద్రంలోకి విసిరేయించాడు.

ఆ చలికాలం నుంచి సముద్రపు గుమ్మం మీద ఎవరో తట్టడం మొదలైంది. పోటు ఎక్కే వేళకు బయటి నుంచి తట్టేవాళ్ళు. తలుపు మీద మనిషి తట్టే ఎత్తులో కాదు, కిందుగా, మోకాలి ఎత్తులో. కుక్కేమోనని కాపలావాడు తలుపు తీశాడు. నీళ్ళు తప్ప ఏమీ లేవు. తలుపుకు మేకులు కొట్టారు. తర్వాత తలుపు తీసేసి రాతి గోడ కట్టారు. రాతి మీద కూడా ఆ చప్పుడు అలాగే వినబడింది. చివరికి ఒక ఉదయం పొయ్యిలో రొట్టెలు పొయ్యిలోనే వదిలేసి దళమంతా వెళ్ళిపోయిందని నాబ్లా అంటుంది. రొట్టెల సంగతి నేను నమ్మను.

దళం వెళ్ళాక ఊరివాళ్ళు మళ్ళీ తమ బిడ్డలను అక్కడికే తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. ఈసారి గోడకు లోపలి వైపు, కోట దిగువ ముంగిట్లో పాతిపెట్టారు. బయట పారేసినవాళ్ళు మాత్రం బయటే ఉండిపోయారు. తట్టేది వాళ్ళేనని నాబ్లా మాట. పోటు నీరు గులకరాళ్ళను గోడ కేసి కొడితే ఆ చప్పుడు వస్తుందని నేను చెప్పాను. ఆమె నా భుజం తట్టి, మీరు చదువుకున్నవారు, మీకు ఏదో ఒకటి తెలిసే ఉండాలి అంది.

మాకొక బిడ్డ పుట్టి, ఊపిరి తీయకుండానే పోయింది. అప్పటికి పెళ్ళై ఎంతో కాలం కాలేదు. ఇక్కడి ఆనవాయితీ ప్రకారం అలాంటి బిడ్డను మేనమామ తీసుకెళ్ళాలి. సందెచీకట్లో, ఒక్కడే వెళ్ళాలి. తల్లికి చోటు చెప్పకూడదు. చెబితే ఆమె అక్కడి నుంచి లేచి ఇంటికి రాదంటారు. తండ్రి అడగకూడదు. నాబ్లా నన్ను పెరట్లోకి పంపేసింది. మానస్ వెన్న పెట్టె ఒకటి కోటు కింద పెట్టుకుని వెళ్ళడం నేను పెరటి గోడ దగ్గర నుంచి చూశాను. ఈథ్నా జ్వరంలో ఉంది. కోలుకున్నాక ఒకే ఒక్కసారి అడిగింది, నీకు చెప్పాడా అని. లేదన్నాను. నిజంగానే చెప్పలేదు. మళ్ళీ ఆమె ఆ మాట ఎత్తలేదు.

గోడ విప్పడానికి పోలీసు సార్జెంటు అభ్యంతరం చెప్పలేదు. ఫాదర్ కూడా, మునిగిన మనిషిని మట్టికి చేర్చడం పుణ్యకార్యమేనన్నాడు. దిగువ ముంగిట్లో ఏమున్నాయో ఆయనకు తెలుసో లేదో నేను అడగలేదు. శనివారం పొద్దున పాటు చూసుకుని బయలుదేరాం. మానస్‌తో పాటు ఊళ్ళో చేవగల మగవాళ్ళందరూ వచ్చారు. ఎవరినీ బతిమాలనక్కరలేకపోయింది. ఆడవాళ్ళు కోట బయట దారి పక్కన నిలబడిపోయారు. దిగువ ముంగిట్లోకి ఆడవాళ్ళు దిగరు.

నేనూ అంతకుముందు అక్కడికి దిగలేదు. మూడు వైపులా కోట గోడలు, నాలుగో వైపు ఆ బండరాళ్ళ గోడ. ఎండ పడదు. నేల మీద పొట్టి గడ్డి, గడ్డిలో తెల్ల రాళ్ళు. చాలా రాళ్ళు. కొన్ని నేలలోకి దిగిపోయి పైభాగం మాత్రమే కనబడుతున్నాయి. గాలి పైన ఉంది, కిందికి రావడం లేదు. అంతమంది మగవాళ్ళం నిలబడ్డా అక్కడ మా బూట్ల చప్పుడు కూడా సరిగా వినబడలేదు.

మానస్ నా చేతిలోని గడ్డపార చూసి, "సుద్దముక్కలా పట్టుకున్నారు మాస్టారూ. అది గోడ మీద రాయదు," అన్నాడు. ఒకరిద్దరు నవ్వి, వెంటనే ఆపేశారు.

అప్పుడు నేను వాళ్ళ కాళ్ళ వైపు చూశాను. తిన్నగా గోడ దగ్గరికి రాగల మనిషి, గడ్డిలో ఏదో ఉన్నట్టు చుట్టూ తిరిగి వచ్చాడు. ఇంకొకడు కోటు విప్పి, పారేయకుండా, ఒక రాయి మీద నెమ్మదిగా కప్పాడు. ఒక ముసలాయన గడ్డపార నేలకు ఆనించకుండా భుజం మీదే ఉంచుకుని, రెండు రాళ్ళకు మధ్య కాళ్ళు దగ్గరగా పెట్టి నిలబడ్డాడు. అందరూ మేనమామలే. ఎవరు తీసుకొచ్చిన బిడ్డ ఎక్కడుందో వాళ్ళకే తెలుసు. ఇంటికెళ్ళి ఎవరికీ చెప్పలేదు, ఒకరికొకరు కూడా చెప్పుకోలేదు. ఇప్పుడు కూడా చెప్పడం లేదు.

మానస్ గోడ మూలకు వెళ్ళి నిలబడ్డాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. తీసిన సంగతి అతనికే తెలిసినట్టు లేదు.

అతని కాళ్ళ దగ్గర ఉన్న రాయి చిన్నది, గుడ్డు ఆకారంలో ఉంది. మిగతావాటికన్నా శుభ్రంగా ఉంది.

"అదేనా?" అన్నాను.

అతను తల వంచుకున్నాడు. "అదే."

"ఆడపిల్లా, మగపిల్లాడా?"

"మీకు నాబ్లా చెప్పలేదా?"

"చెప్పలేదు."

"ఆడపిల్ల. జుట్టు నల్లగా, ఒత్తుగా ఉంది. ఈథ్నాకు నేను చెప్పలేదు. ఒట్టు. కానీ నాచు కోయడానికి ఎప్పుడూ ఈ గోడ కిందికే వచ్చేది. ఇక్కడి నాచు బాగుండదు. తూర్పు రాళ్ళ దగ్గర మంచిది ఉందని ఎన్నిసార్లో చెప్పాను. నవ్వేది. తట్టడం విని ఉంటుంది. అంతకన్నా నాకు తెలియదు."

నేను గోడ వైపు చూశాను. రాళ్ళ మధ్య సున్నం చాలావరకు కొట్టుకుపోయింది. నా భుజం ఎత్తు వరకు రాళ్ళు తడిగా, పచ్చగా ఉన్నాయి. అది అవతలి వైపు పోటు నీరు ఎక్కే మట్టం. మేం నిలబడ్డ నేల దానికన్నా ఎంత కిందుందో నాకప్పుడు తెలిసింది. పిల్లలకు నీటిమట్టం పాఠం చెప్పే మనిషిని. అంతసేపూ నాకది తట్టలేదు.

"గోడ తీస్తే ఏమవుతుంది మానస్?"

"సాయంత్రం పోటుకి నీళ్ళు లోపలికొస్తాయి."

"తర్వాత?"

"తర్వాతేముంది. ఈ తెల్ల రాళ్ళే మిగుల్తాయి." అతనెప్పుడూ నన్ను మాస్టారూ అనే పిలిచేవాడు, తన చెల్లెల్ని ఇచ్చాక కూడా. ఆ పూట పేరు పెట్టి పిలిచాడు. "నువ్వు తీయమంటే తీస్తాం టర్లో. ఇక్కడ ఒక్కడు కూడా నోరు మెదపడు. అందుకే వచ్చాం."

ఎవరూ నా వైపు చూడలేదు. ముసలాయన మాత్రం గడ్డపార ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

గోడకు అవతల, ఒక మనిషి పొడవు దూరం కూడా లేని చోట, ఈథ్నా ఉంది. నేను గడ్డపార మొనను రెండు రాళ్ళ సందులో పెట్టాను. రాయి కొంచెం కదిలింది. ఇంకాస్త నొక్కితే ఊడివచ్చేది. నొక్కుదామనే అనుకున్నాను. అక్కడున్న బిడ్డలందరినీ తెలిసి, వాళ్ళ మేనమామల ఎదుట, నొక్కుదామనుకున్నాను. అది దాచడం లేదు.

అప్పుడు గోడ మీద అవతలి నుంచి తట్టిన చప్పుడు వినిపించింది.

రాయి మీద రాయి తగిలినట్టుంది. గట్టిగా లేదు. ఒకసారి తట్టి, ఆగి, మళ్ళీ తట్టింది. ఇంట్లో ఎవరైనా నిద్రపోతున్నారేమో అని జాగ్రత్తగా తట్టినట్టు. పాటు అడుగంటిన వేళ అది. బయట సముద్రం దూరంగా ఉంది, అలల చప్పుడే లేదు. గుల్లలో నిలిచిన నీరు తప్ప, గులకరాళ్ళను గోడ కేసి కొట్టడానికి అక్కడ అల లేదు.

మగవాళ్ళందరూ విన్నారు. వాళ్ళ ముఖాలు చూశాను. ఆ చప్పుడు వాళ్ళకు కొత్త కాదు. ఒక్కొక్కరూ ఇక్కడికి ఒంటరిగా వచ్చిన సందెవేళ దాన్ని విన్నవాళ్ళే. అయినా ఈసారి భయపడ్డారు. ఎందుకో వెంటనే తెలియలేదు. తర్వాత తెలిసింది. ఈసారి అది మోకాలి ఎత్తులో లేదు. నా భుజానికి ఎదురుగా, తడి మట్టానికి పైన ఉంది. ఈథ్నా తల నా భుజం దాకా వచ్చేది.

గడ్డపార తీసి కింద పెట్టాను. అరచేతితో గోడ మీద, ఆ చప్పుడు వచ్చిన చోటనే, రెండుసార్లు తట్టాను. రాయి చల్లగా ఉంది. అవతల మళ్ళీ చప్పుడు రాలేదు. చాలాసేపు నిలబడ్డాను. రాలేదు.

కదిలిన రాయికి చుట్టూ చిన్న రాళ్ళు కొట్టి బిగించమని మానస్‌ను అడిగాను. అతను వెంటనే పని మొదలుపెట్టాడు. మిగతావాళ్ళు సాయం పట్టారు. పైకి వచ్చాక ఆడవాళ్ళు మా చేతుల వైపు చూశారు, తర్వాత మా బట్టల వైపు చూశారు. బట్టలు పొడిగా ఉన్నాయి. ఒకావిడ ముందుకు వచ్చి నా చేయి పట్టుకుని వదిలేసింది. తర్వాత ఇంకొకావిడ. వాళ్ళలో ఎవరికి ఏ రాయో ఇప్పుడు నాకు కొంత తెలుసు. చెప్పలేదు.

ఇదంతా జరిగి ఏడాది దాటింది. గోడ ఎందుకు విప్పలేదని సార్జెంటు రెండుసార్లు అడిగి, అడగడం మానేశాడు. శవపేటిక లేకుండానే ఫాదర్ పూజ చేశాడు. పెద్ద పాటు వచ్చినప్పుడల్లా మానస్ నేనడక్కుండానే కొన్ని సంచుల సున్నం తీసుకెళ్ళి గోడ సందులు పూడ్చి వస్తున్నాడు. ఈ మధ్య నేను కూడా వెళ్తున్నాను. తాపీ కూడా సుద్దముక్కలాగే పట్టుకుంటానని అతను అంటాడు.

ఆ రోజు తర్వాత గోడ మీద తట్టడం ఎవరూ వినలేదు. ఈ చలికాలంలో ఒక ఇంట్లో బిడ్డ పోతే మేనమామ తీసుకెళ్ళాడు. అతను తిరిగొచ్చి, అక్కడ ఏ అలికిడీ లేదని చెప్పాడు. అలా చెప్పడం ఆనవాయితీ కాదు. కానీ ఆ ఒక్క మాట చెప్పాడు, తల్లి వింటుండగా.

నాబ్లా ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి, పొయ్యి దగ్గర కూర్చుని, మోకాళ్ళు రుద్దుకుంటూ అంది: "బయట పడేసిన పిల్లలు అన్నేళ్ళు ఎందుకు తట్టారనుకున్నారు మాస్టారూ? లోపలికి రావడానికని మేమంతా అనుకున్నాం. వాళ్ళకు కావలసింది తలుపు కాదేమో. ఎవరో ఒకరు బయటికి రావడం కావాలేమో."

ఆమె మాట నేను నమ్ముతానో లేదో నాకు తెలియదు. కోట పాఠం వచ్చినప్పుడు సిపాయిలు తేమ వల్ల వెళ్ళిపోయారని చెప్పడం మానేశాను. ఎందుకు వెళ్ళారో తెలియదని చెబుతున్నాను. పిల్లలు అదే రాసుకుంటున్నారు.

పరుపు కుట్టు మళ్ళీ వేశాను. బూట్లు తలుపు వెనక ఉన్నాయి. ఇంట్లో గడియారం నడుస్తూనే ఉంది. ఈథ్నాకు ఇంకా మట్టి ఇవ్వలేదు.